రాడార్ ఉంది, నెమ్మది

"ఏంటక్కా, అందరూ ముప్పై స్పీడు లోపే పోతున్నారు!" స్తంభానికి రాడార్ పెట్టె బిగించిన టెక్నీషియన్ ఫోన్‌లో అంకెలు చూసి అన్నాడు. "బడి ముందు బళ్ళు దూసుకుపోతున్నాయి, స్పీడ్ బ్రేకర్ వేయండని మూడేళ్ళుగా అర్జీలు పెడుతోంది మీరేగా?"

"నేనే," అంది టైలరమ్మ. "నీకు సాయంగా ఇదీ పెట్టాను."

బడి ఎదురుగా ఉన్న తన కొట్టు గోడకు కట్టిన అట్ట చూపించింది: 'రాడార్ ఉంది, నెమ్మది.'

అతను తల పట్టుకున్నాడు. "ఇది జరిమానా వేసేది కాదక్కా, వేగం లెక్క రాసుకునేది. లెక్క ఇలా వస్తే స్పీడ్ బ్రేకర్ అక్కర్లేదంటారు. వారం రోజులు అట్ట తీసెయ్యండి."

ఆమె ముడి విప్పబోయింది. అప్పుడే బడి వదిలారు. పిల్లలు రోడ్డు మీదికి పరిగెత్తారు. వస్తున్న లారీ మెల్లగా ఆగింది.

ఆమె ముడి మళ్ళీ బిగించింది.

"పెట్టెలోని రాడార్ తీసుకెళ్ళు తమ్ముడూ. ఖాళీ పెట్టె మాత్రం అక్కడే ఉంచు."