ఒక చప్పుడు, రెండు మాటలు

“బండ పగిలింది సామీ. అంతే. దానికి మా ఆయన్ని పట్టుకొని పోయినారు.”

చింతామణి తాలూకా కచేరి వరండాలో, అర్జీలు రాసే రామచంద్రప్ప ముందు కూర్చొని చెబుతోంది పుట్టమ్మ.

1942 కార్తీక మాసం. ఎక్కడో రైలు పట్టాలు పీకారని, తంతి తీగలు తెంచారని పోలీసులు ఊరూరా తిరుగుతున్న రోజులు.

పుట్టమ్మ భర్త బయ్యప్ప రాళ్ళు కొట్టేవాడు. పట్టాలకు కూతవేటు దూరంలో ఒక బండ మీద పని చేస్తుంటే పెద్ద చప్పుడైంది. మందు పేల్చాడని ఆ సాయంత్రమే తీసుకెళ్ళారు.

“చప్పుడు పెద్దదేనా?” అడిగాడు రామచంద్రప్ప.

“ఢమాలనింది సామీ. ఊరంతా విన్నారు.”

రామచంద్రప్ప కలం ఆగకుండా సాగింది. ఆ వరండాలో ఇంగ్లీషులో అర్జీ రాసేది ఆయనొక్కడే. రాశాక ఒకసారి పైకి చదువుకోవడం అలవాటు. అలాగే చదివాడు.

“ఊఁ. ఇక్కడ వేలిముద్ర వెయ్యి.”

గోడకు ఆనుకొని కూర్చున్న ఒక ముసలాయన ముందుకు వంగాడు.

“అప్పా, దాంట్లో బ్లాస్ట్ అనే మాట తీసెయ్యి.”

రామచంద్రప్ప తలెత్తాడు. మోకాళ్ళ దాకా పంచె, భుజాన మాసిన కంబళి.

“ఎవరు నువ్వు?”

“చిన్నప్ప అంటారు. మాది బాగేపల్లి. ఊరికే కూచోనుండా.”

“ఇంగ్లీషు వస్తాదా నీకు?”

“కొంచెం.”

“ఏం పాసైనావు?”

“ఏమీ పాస్ కాలేదప్పా.”

వరండాలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. రామచంద్రప్పా నవ్వాడు.

చిన్నప్ప పుట్టమ్మ వైపు తిరిగాడు.

“అమ్మా, మీ ఆయన మందు పెట్టినాడా?”

“మందు యాడిదప్పా? కట్టెలు పేర్చి మంటేసినాడు. వేడికి బండ లేచి చీలింది. మా మామ కాలం నుంచీ మాకు అదే పని.”

“చూడప్పా,” అన్నాడు చిన్నప్ప, రామచంద్రప్పతో. “బ్లాస్ట్ అంటే మందు పెట్టి పేల్చింది. క్రాక్ అంటే రాయి చీలేటప్పుడు వచ్చే చప్పుడు. దాంట్లో మందు మాటే లేదు. ఈయమ్మ చెప్పింది క్రాక్. నువ్వు రాసింది బ్లాస్ట్.”

“రెండూ పెద్ద చప్పుళ్ళే కదా.”

“వినేవాళ్ళకి రెండూ ఒకటేనప్పా. చదివే దొరకి ఒకటి కాదు. మందు పేల్చినాడని పెండ్లామే ఒప్పుకొనింది అనుకుంటాడు.”

పదిమంది ముందు ఆ మాట పడేసరికి రామచంద్రప్ప మొహం మాడిపోయింది.

“నాకు పాఠం చెప్పనీకి వచ్చినావా? లేచి అవతలికి పో.”

చిన్నప్ప కంబళి దులుపుకొని వరండా దిగి, ఎండలోకి నడిచాడు.

పుట్టమ్మ సిరా అంటిన వేలు వెనక్కి తీసుకుంది.

“ఆయప్ప చెప్పిన మాట రాయి సామీ. లేకుంటే వెయ్యను.”

“ముక్కూ మొహం తెలీనోడు చెప్తే మార్చల్లనా?”

“తెలీనోడే. అయినా మా ఆయన మందు పెట్టినాడా అని నన్ను అడిగింది ఆయప్ప ఒక్కడే. పోలీసులు అడగలేదు. నువ్వూ అడగలేదు.”

రామచంద్రప్ప ఇంకో కాగితం తీశాడు. కట్టెలు, మంట, చీలిన బండ, అన్నీ మొదటినుంచి రాశాడు. రాయడం అయ్యేసరికి చిన్నప్ప కనుచూపు మేరలో లేడు.

నాలుగో రోజు మేజిస్ట్రేటు ఆ అర్జీ చదివాడు. చదివి, బండ చూసి రమ్మని మనిషిని పంపాడు. అక్కడ బూడిద, బొగ్గులు ఉన్నాయి. మందు కూరడానికి తొలిచిన రంధ్రం ఒక్కటీ లేదు.

ఐదో రోజు బయ్యప్ప ఇంటికొచ్చాడు.

పుట్టమ్మ రెండు మూటల అనపకాయలు తెచ్చి రామచంద్రప్ప ముందు పెట్టింది.

“ఒకటి నీకు సామీ. ఇంకోటి ఆయప్పకి. బాగేపల్లిలో యాడుంటాడో నాకు తెలీదు.”

ఆ వారమంతా రామచంద్రప్పకు మొదట రాసిన కాగితమే గుర్తొచ్చింది. అది చింపలేదు. పెట్టెలోనే ఉంది. తీసి చదివితే, నేరం ఒప్పుకున్నట్టే ఉంది.

ఆదివారం మూట పట్టుకొని బొగ్గుతో నడిచే బస్సెక్కి బాగేపల్లిలో దిగాడు. అడిగి అడిగి ఇల్లు కనుక్కున్నాడు. గడపలో చిన్నప్ప అక్క మునివెంకటమ్మ రాగులు చెరుగుతోంది.

“చిన్నప్ప ఉండాడా అమ్మా?”

ఆమె చేట పక్కన పెట్టింది.

“పోయి మూడు దినాలాయప్పా. జొరం వచ్చింది. నిలబడలేదు.”

రామచంద్రప్ప మూట అరుగు మీద పెట్టాడు.

“కచేరిలో పదిమంది ముందర పొమ్మన్నానమ్మా. తప్పయిందని చెప్పుకుందామని వచ్చినా.”

“వానికి అది కొత్త కాదులేప్పా. చింతామణి, చిక్కబళ్ళాపురం, వేలిముద్రలు వేయించుకునే తావు యాడుంటే ఆడికి పోయి కూచుంటాండె. శానామంది పొమ్మన్నారు. మళ్ళీ పోతాండె.”

“అంత ఇంగ్లీషు ఏ స్కూల్లో నేర్చుకున్నాడమ్మా?”

మునివెంకటమ్మ చేటలోని రాగుల వైపు చూస్తూ చెప్పింది.

“స్కూలు యాడిదప్పా? వయసులో ఉన్నప్పుడు ఎవరో రాసిన కాగితానికి వేలిముద్ర వేసి, తొమ్మిదేండ్లు జైల్లో ఉండె. ఆ కాగితంలో ఏం రాసిండారో చదవల్లని, ఆడనే నేర్చుకునె.”