బేస్‌మెంట్‌లో రెండో గొంతు

“రెండోవాడెవడు?” అన్నాడు అమరేశ్వరరావు, బేస్‌మెంట్ మెట్లు దిగుతూనే.

రోహిత్ ల్యాప్‌టాప్ పక్కన పెట్టి లేచాడు. “నేనొక్కణ్ణే అంకుల్.”

స్కార్‌బరోలోని ఆ ఇంటి బేస్‌మెంట్‌ను అమరేశ్వరరావు ఒక్కరికే అద్దెకిచ్చాడు. జనవరి ఇన్‌టేక్‌లో కాలేజీల్లో చేరడానికి స్టూడెంట్లు దిగినప్పటి నుంచి ఊళ్లో రూములు లేవు. ఒకడికిస్తే నలుగురు దూరుతున్నారని ఇళ్లవాళ్లంతా చెప్పుకుంటున్నారు.

“హీటర్ వెంట్‌లోంచి గుసగుసలు పైకొస్తున్నాయి. ఒకడు అడుగుతుంటే ఇంకొకడు చెబుతున్నాడు. జేమ్స్ వాట్ అట, ఆవిరి యంత్రం అట.”

“యూట్యూబ్ వీడియో అంకుల్. రేపు కాలేజీలో ప్రజెంటేషన్. స్కాట్లాండ్ సైంటిస్టుల మీద.”

“వీడియో గుసగుసలాడుతుందా?”

రోహిత్ ల్యాప్‌టాప్ మూసేశాడు. టేబుల్ మీద రెండు నూడుల్స్ గిన్నెలున్నాయి. రెండింట్లోంచీ ఆవిరి వస్తోంది.

“రెండూ నీకేనా?”

“ఆకలిగా ఉంది అంకుల్.”

“స్కాట్లాండ్ సంగతి నాకా చెప్పేది? మా అబ్బాయి చింటు ఆరో గ్రేడ్‌లో ఇదే ప్రాజెక్ట్ చేశాడు. టీవీ బేర్డ్, పెన్సిలిన్ ఫ్లెమింగ్, టెలిఫోన్ బెల్. అంత చిన్న దేశంలో అంతమంది పుట్టగా లేనిది మా ఇంట్లో ఒక్కడు పుట్టడా అని రోజూ వాడికి చెప్పేవాణ్ణి. ఇప్పుడు వాటర్‌లూ యూనివర్సిటీలో ఇంజినీరింగ్ మూడో ఏడు. చదువులో పడి క్రిస్మస్‌కి కూడా రాలేదు. మీలా అబద్ధాలాడుతూ తిరగట్లేదు.”

రోహిత్ తల దించుకున్నాడు.

బాత్రూం తలుపు మూసి ఉంది. కింద సందులోంచి వెలుతురు కనిపిస్తోంది. అమరేశ్వరరావు అటు అడుగేయగానే రోహిత్ అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

“తప్పుకో.”

“వద్దంకుల్. ప్లీజ్.”

“తలుపు తీయిస్తావా, ఇవాళే ఖాళీ చేస్తావా?”

రోహిత్ కిటికీ వైపు చూశాడు. మంచు సగం అద్దం దాకా పేరుకుంది.

“ఖాళీ చేస్తా అంకుల్. మీరు పైకెళ్లండి చాలు.”

అమరేశ్వరరావు మూసిన తలుపు వైపు చూశాడు. ఈ మంచులో రోడ్డున పడటానికైనా సిద్ధపడి దాచాల్సిన మనిషి ఎవడు? దొంగా? పోలీసులు వెతుకుతున్నవాడా?

“ఆ తలుపు తోసి కత్తిపోటు తినేంత అమాయకుణ్ణి కాను,” అంటూ నాలుగడుగులు వెనక్కి వేసి ఫోన్ తీశాడు.

“పోలీసులకా అంకుల్?”

“ముందు మావాడికి. ఈ ఇంటి వైఫై పెట్టింది వాడే. ఎక్కడున్నా చూసి చెప్పేస్తాడు, ఇక్కడ ఎన్ని ఫోన్లు కనెక్టయ్యాయో, ఎవరెవరివో.”

రోహిత్ ముఖం పాలిపోయింది. “చింటుకి మాత్రం చేయకండి అంకుల్. కావాలంటే పోలీసుల్నే పిలవండి.”

“దొరికిపోతానని భయమేసిందా?”

అమరేశ్వరరావు కొడుకు నంబరు నొక్కాడు.

బాత్రూంలో ఫోన్ మోగింది.