కళ్ళు తిన్న పెట్టె

"ఆ పెట్టె యాడుంది?"

గడప దాటకముందే అరిచాడు అంకన్న. అతని భార్య గురవమ్మ కందులు చెరుగుతూ చాట మీద నుంచి తల ఎత్తలేదు.

"మల్లి గొర్రెల ఎంబడి తీసుకపోయింది. ఇంట్లో పెడితే నువ్వు మళ్ళ దాస్తావని."

"కళ్ళు పోయినా బుద్ధి రాలా దానికి."

మార్కాపురంలో కంటి డాక్టరు రాసిచ్చిన చీటీ అతని గుప్పిట్లో నలిగిపోతోంది. కూతురికి రెండు కళ్ళూ మైనస్ నాలుగు. పది అడుగుల అవతల ఉన్న మనిషి మొహం పోల్చుకోలేదట. అద్దాలు పెట్టుకోక తప్పదట.

అంకన్నకు యాభై రెండేళ్ళు. కొండవాలు మీద మేసే గొర్రె ఎవరి మందలోదో కింద నుంచే నడక చూసి చెప్పేస్తాడు. అతని తండ్రీ అంతే, తాతా అంతే. అలాంటి ఇంట్లో పుట్టి, పందొమ్మిదేళ్ళకే తడుముకునే గతి పట్టిందంటే అతని ఒళ్ళు మండిపోతోంది. కారణం అతనికి డాక్టరు చెప్పక్కర్లేదు. దసరాకు బావమరిది ఆదిశేషు కనిగిరి నుంచి తెచ్చిన ఆ నల్ల ప్లాస్టిక్ పెట్టె. లోపల రెండు భూతద్దాలు, పైన తిప్పుకునే చక్రం. అందులో ఫోను దూర్చి కళ్ళకు కట్టుకుంటే సింహాలు మీదికి దూకినట్టుంటుందట. తెచ్చిన వారానికే ముందు మూత ఊడి ఎటో పోయింది, ఫోను వీపు, కెమెరా కన్నుతో సహా, బయటికి కనిపిస్తోంది. అయినా మల్లి వదల్లేదు. గొర్రెలను మేతకు వదిలి, పెట్టె మొహానికి కట్టుకుని కూర్చుంటోందని ఊరంతా నవ్వుతోంది.

"ఇది మూడు నెలల్లో వచ్చింది కాదన్నాడు గదా డాక్టరు" అంది గురవమ్మ.

"అద్దాలు అమ్ముకోవాల గదా వాళ్ళు. ముందు నుంచీ కళ్ళు లేకుంటే నా మందను ఎట్ల కాసింది?"

"ఏం కాసింది? నెలకోసారి చెంచయ్య మామ చేలో పడేవి."

"అది దాని సోమరితనం. నేను తిట్టినాకనే గదా ఆగింది."

దసరా తరువాత గొర్రెలు ఎవరి చేలోనూ పడకపోవడం తన నోటి మహిమేనని అంకన్న నమ్మకం.

"మొన్న పెట్టె దాస్తిని గదా" అన్నాడు మళ్ళీ, గొంతు పెంచి. "ఆ పొద్దే రెండు గొర్రెపిల్లలను కుక్కలు పీకినాయి. ఎదురుగా పీకుతుంటే కనపళ్ళేదంట. పెట్టె లేని పొద్దు గూడా కనపడలేదంటే, అది దీని కళ్ళను ఎంత తినిందో చూడు."

"అద్దాలు కొనియ్యి. అయిపోతాది."

"మా ఇంట్లో అద్దాలు పెట్టుకుని గొర్రెలు కాసినోడు లేడు. పెట్టె పగిలితే చూపు అదే వస్తాది. అందాక దాన్ని మంద ఎనక పంపను. రేపటి నుంచి కూలికి నాగులు పోతాడు."

గురవమ్మ చాట కింద పెట్టింది. "మందలో నుంచి తీసేస్తే అది బతికినట్టేనా? కుట్టుమిషను నేర్చుకోమని కురిచేడు పంపితే వారానికే ఈనే గొర్రె ఉందని పరిగెత్తుకొచ్చిన పిల్ల."

అంకన్న వినలేదు. కర్ర తీసుకుని బయలుదేరాడు.

ఊరవతల పలకల గని దిబ్బ మీద కూర్చుని ఉంది మల్లి. మొహానికి పెట్టె. దిబ్బ కింద మంద తన మానాన తాను మేస్తోంది. అతను ఇంకా బాట మీద ఉండగానే ఆమె లేచి నిలబడి, పెట్టె తీసి వెనక దాచుకుంది.

"ఇటియ్యి."

"ఇయ్యను."

"కళ్ళు పోగొట్టుకుని గూడా సిగ్గు లేదా మే?"

"ఇది పోగొట్టలా నాయనా. ఏడో తరగతిలోనే నాకు బోర్డు కనపళ్ళేదు."

"అప్పుడే ఎందుకు చెప్పలా?"

"చెప్తే ఏం చేసేవాడివి? ఇప్పుడు చేస్తున్నదే గదా. మందలో నుంచి తీసేసేవాడివి."

మాట తగలవలసిన చోటే తగిలింది. దాంతో అతని కోపం రెట్టింపయింది.

"ఇన్నేండ్లు నన్ను మోసం చేసినావు. చేసి, మందను కుక్కలకు వదిలి, సింహాలు చూస్తా కూసున్నావు."

పెట్టెను ఆమె చేతిలో నుంచి గుంజుకున్నాడు. కొట్టడానికి పలకరాయి కోసం చుట్టూ చూశాడు. ఆ దిబ్బ మీద రాళ్ళకేం కరువు?

మల్లి అడ్డం రాలేదు. ఏడవలేదు కూడా. ఆమె మొహంలోనూ అదే కోపం, అతని పోలికే.

"కొట్టు నాయనా. కొట్టేముందు ఏం చూస్తున్నానో ఒక్కసారి నువ్వూ చూసి కొట్టు."

చూస్తే ఏం పోయింది? ఆ సింహాల మొహమేదో చూసి మరీ పగలగొడదామనుకున్నాడు అంకన్న. ఆమె ఎటు తిరిగి కూర్చుందో అటే తిరిగి పెట్టెను కళ్ళకు ఆనించాడు. అంతా మసక. తిట్టుకుంటూ పైనున్న చక్రం తిప్పాడు. మసక కొంచెం కొంచెంగా విడిపోయింది.

పెట్టెలో తన గొర్రెలే మేస్తున్నాయి.