కాళ్ళ దగ్గరి చోటు

“మీ అత్త మంచిగ పండుకున్నదా, ఊరికె కండ్లు మూసుకున్నదా?” ఫోన్‌లో ఉమారాణి గొంతు కీచుమంది.

“ముసుగు తన్ని పండుకున్నది. నువ్వు జర మెల్లగ మాట్లాడు,” అన్నాడు ఆమె మొగుడు గోవర్ధన్, ఫోన్‌కు అరచెయ్యి అడ్డం పెట్టి.

నాచారంలో అతని మేనత్త ఐలమ్మ ఇల్లు అది. ముందు గదిలో కూలర్ లారీలా మోగుతోంది. మంచం మీద తల నుంచి కాళ్ళ దాకా దుప్పటి. ఎండాకాలమైనా సరే, ఈగ వాలకుండా నిండా కప్పుకొని పడుకోవడం ఆ వంశంలో అందరికీ తాత నుంచి వచ్చిన అలవాటు. పెళ్ళైన కొత్తలో గోవర్ధన్‌ను అలా చూసి ఉమారాణి హడలిపోయింది కూడా.

మల్లాపూర్‌లో ఐలమ్మకు ఒక రేకుల షెడ్డుంది. అద్దెకున్నవాళ్ళు ఈమధ్యే ఖాళీ చేశారు. దానికోసం ఇద్దరు మేనల్లుళ్ళు కాచుకున్నారు. గోవర్ధన్‌ది ఉప్పల్‌లో గేట్లు, గ్రిల్లులు చేసే వెల్డింగ్ షాపు. ఆ జాగా ఓనరు నెలాఖరుకి లేవమన్నాడు. షెడ్డు దొరక్కపోతే అతని మిషన్లన్నీ రోడ్డు మీదే. రెండోవాడు కౌశల్, బాబాయి కొడుకు. మల్లాపూర్‌లో ఒక కంపెనీలో రాత్రి డ్యూటీ, ఇనుము చెక్కే లేతు మిషన్ మీద పని. సొంతంగా ఒక లేతు పెట్టుకోవాలని వాడి ఆశ.

“నాలుగింటికి ఇద్దరు రాండ్రి, మాట చెప్త,” అంది అత్త. గోవర్ధన్ మూడింటికే వచ్చి వాలాడు.

ఊరికే వాలలేదు. ఉప్పల్‌లో ఒక ఫంక్షన్ హాల్లో ఆదివారాలు ‘భారతంలో వ్యాపార పాఠాలు’ చెప్పే త్రిమూర్తులు సార్ క్లాసులు విని మరీ వచ్చాడు.

“కృష్ణుడు పడుకొని ఉన్నాడు. ముందొచ్చిన దుర్యోధనుడు తల దగ్గర ఆసనంలో కూర్చున్నాడు. వెనకొచ్చిన అర్జునుడు కాళ్ళ దగ్గర నిలబడ్డాడు. కళ్ళు తెరవగానే ఎవరు కనపడ్డారు? కాళ్ళ దగ్గరున్నవాడు! కోరుకునే వంతు వాడికే ముందొచ్చింది. వాడు సైన్యాన్ని వదిలేసి మనిషిని కోరుకున్నాడు. లీడరంటే అదీ!” అన్నాడు సార్. ఆ పూట గోవర్ధన్ కొట్టిన చప్పట్లకు అరచేతులు ఎర్రబడ్డాయి.

“ఏమడగాల్నో గుర్తున్నదా?” అంది ఉమారాణి.

“‘షెడ్డు నాకొద్దత్తా, నువ్వొచ్చి మా ఇంట్ల ఉండు, గదే సాలు’ అంట. మనసు కరుగుతది. అత్త వస్తే షెడ్డు దానంతటదే వస్తది.”

“నిజంగనే వచ్చి కూసుంటే?”

“గా ముచ్చట వచ్చే క్లాసుల చెప్తడు సారు.”

“కౌశల్ ఏడున్నడు?”

“ఫోన్ బంద్ ఉన్నది. బండి గూడ లేనోడు, డ్యూటీ జేసి ఏడనో పండుంటడు. రానీ, తల దగ్గర కుర్చీ ఏసి పెట్టిన వానికోసం. షెడ్డు చేతికొచ్చినంక గాన్ని నా దగ్గర్నే జీతానికి పెట్టుకుంట. పనిమంతుడే గని, తెలివి లేదు.”

ఫోన్ పెట్టేసి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. లేచాడు. గుమ్మం దాకా వెళ్ళి వీధిలోకి తొంగి చూశాడు. గడప దగ్గర అత్త చెప్పులు లేవు. కుక్కలు ఎత్తుకుపోతాయని లోపల దాచిందేమో. పైవాటాలో వాళ్ళవి కాబోలు, మగవాళ్ళ చెప్పులు అడ్డంగా పడి ఉంటే కాలితో పక్కకు నెట్టి, మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. గడియారం చూశాడు. జుట్టు సర్దుకున్నాడు. మళ్ళీ గడియారం చూశాడు.

దుప్పటి కదిలింది.

గోవర్ధన్ గబుక్కున ఫోన్ జేబులో దాచాడు. త్రిమూర్తులు సార్ క్లాసు చివర్లో గొంతు తగ్గించి చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. “కృష్ణుడు నిజంగా నిద్రపోలేదు సుమా! నటించాడు. అన్నీ విన్నాడు.” కొంపదీసి అత్త కూడా అంతా విన్నదా? కూలర్ మోతలో వినబడదనుకొని నోటికొచ్చినట్టు వాగాడే!

ఇక ఆగలేకపోయాడు. దుప్పటి మీదుగానే కాళ్ళు ఒత్తడం మొదలుపెట్టాడు.

“అత్తా, ఫోన్ల గట్ల మజాక్‌కన్న. దిల్ మీద తీసుకోకు.”

కాళ్ళు హాయిగా చాచుకున్నాయి. అంటే వింటోంది! దుప్పటికి గ్రీజు వాసన వస్తే, తన చేతులదే అనుకొని ప్యాంటుకు తుడుచుకొని మళ్ళీ ఒత్తాడు. ఎంత మొరటు పాదాలు! ఎన్నేళ్ళు పొలంలో నిలబడితే ఇలా అవుతాయి? చీలమండల దగ్గర అత్త ఎప్పుడూ పెట్టుకునే వెండి కడియాలు తగల్లేదు. షెడ్డుకు రేకులు వేయించడానికి అమ్మేసిందా ఏమిటి? గోవర్ధన్‌కు సిగ్గేసింది. ఇన్నేళ్ళలో ఒక్కనాడూ ఈ కాళ్ళు పట్టింది లేదు. ఇప్పుడైనా షెడ్డు కోసమే కదా! నటిద్దామని వచ్చినవాడు నిజంగానే ఆ పాదాలను కళ్ళకద్దుకున్నాడు.

“కౌశల్‌ను తక్కువ జేసి మాట్లాడిన. తప్పయింది అత్తా. వాని చేతుల పనితనం నా దగ్గర లేదు, గా సంగతి నాకెర్కే. గందుకే వాడంటే నాకు భయం.”

కాళ్ళు కదలలేదు. ఊపిరి కూడా బిగబట్టినట్టుంది.

“షెడ్డు నాకియ్యి. సగం వానికిస్త. నడుమ గోడ గూడ కట్టను. ఒక దిక్కు వాని లేతు, ఒక దిక్కు నా వెల్డింగు. నీ కాళ్ళు పట్టుకొని చెప్తున్న, మాట తప్పితే నన్ను మనిషనకు.”

దుప్పటి కింద పెద్ద నిట్టూర్పు వినిపించింది. మొదటి చూపు తన మీదే పడేట్టు గోవర్ధన్ మెడ చాచి, ముఖం నిండా వినయం పులుముకున్నాడు.

“సగం సాలు అన్నా,” అంటూ ముసుగు తీశాడు కౌశల్.