మొదటి ప్లేటు

"మీరు తిన్నాకే బయటికి పంపేది. మొదటి ప్లేటు పండించినవాళ్ళకే," అంటూ గిరిధర్ వంటగదిలో మునివెంకటమ్మ ముందు ప్లేటు పెట్టాడు.

ఫ్రాన్సులో ఒక పల్లెటూరి బిస్ట్రోలో, అంటే చిన్న హోటల్లో, వంట నేర్చుకున్నప్పుడు అబ్బిన అలవాటు అది. వైట్‌ఫీల్డ్‌లో అలాంటిదే తనూ ఈ మధ్యాహ్నమే తెరిచాడు.

ఆమె తెచ్చిన పాలకూరే, వెన్నలో మగ్గి ఘుమఘుమలాడుతోంది.

"వద్దప్పా."

"కూరలో వైన్ పోశాననా? మీకు విడిగా చేశానమ్మా."

"దానికి కాదు. నేను సంగటి తెచ్చుకోని ఉండా."

"ఒక్క ముద్ద తినండి."

ఆమె ప్లేటు పక్కకి జరిపింది. "ఈ పాలకూర సొప్పు మా ఇంట్లో ఎవురూ తినరప్పా. చెరువులోకి ఫ్యాక్టరీ నీళ్ళు వదిలినప్పట్నుంచి, ఆ నీళ్ళతో పండేదేదీ మేం నోట్లో పెట్టం. ఎనుముకేసినా వాసన చూసి వదిలేస్తాది."

గిరిధర్ పొయ్యి ఆపేశాడు. "మరి నాకెందుకు తెచ్చారు?"

ఆమె నిజంగానే ఆశ్చర్యపోయింది.

"మేం పెంచేది అమ్మేదానికే కదప్పా. నువ్వు వండేదీ అమ్మేదానికే అనుకుంటిని. నువ్వు తింటావా ఏంది?"

పొద్దుటినుంచి రుచి చూస్తూ అతను అరగిన్నె తిన్నాడు.

తలుపు తోసుకుని భార్య జెస్సీ వచ్చింది. ఆమె చేతిలో పాలకూర గిన్నె ఖాళీగా ఉంది.

"సారీ గిరీ, అందరూ ఆకలన్నారని నేనే వడ్డించేశాను. పిల్లలు కూడా ఇంకా కావాలంటున్నారు!"