టాకీలో అమ్మ గొంతు

తెర మీద, దీవిపిల్ల వేషం కట్టిన దొరసానిని హీరో ముద్దు పెట్టుకుంటుంటే మారెవాకు ఆ సినిమాలోంచే తన తల్లి పాట వినిపించింది. దీవి పట్నం పపేతేలోని ఆ టాకీ హాలంతా ఈలలు.

మారెవా పక్కనే ఉన్న తల్లి చెయ్యి పట్టుకుంది. నాన్నను సముద్రం మింగినప్పుడు ఆమె పెట్టిన శోకం అది. నిరుడు కూతురు బతిమాలితేనే సినిమా దొరల మైకు ముందు మళ్ళీ పాడింది.

"మన పాటలు పోకుండా దాచిపెడతామన్నారమ్మా! మోసం చేశారు."

"వాళ్ళు నన్నేమీ అడగలేదే. అడిగింది నువ్వు."

పాటలో నాన్న పేరు వచ్చింది. హీరో మళ్ళీ ముద్దు పెట్టాడు. చప్పట్లు మోగాయి.

"పద, ఇంటికి పోదాం."

తల్లి చెయ్యి విడిపించుకుంది.

"కూర్చో, చివరిదాకా చూద్దాం. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో. నేను పోయిన రోజు ఈ పాట ఎత్తకు. జనం ఈలలేస్తారు."