రాయి కింది నీళ్ళు

"మిషన్ ఆపండి."

జీపు దిగుతూనే తుల్సీరాం అన్న మాట అది. ఇంజను రొదలో ఎవరికీ వినపడలేదు. లారీ దగ్గరికి నడిచి, ఆపరేటర్ భుజం తట్టి మళ్ళీ అన్నాడు. ఈసారి ఇంజను ఆగింది.

టేకులపల్లి దాటాక అడవి అంచున ఉన్న ఆ మిరప తోట బసవపున్నయ్యది. కోస్తా నుంచి వలస వచ్చి, రెక్కలు ముక్కలు చేసుకుని బాగు చేసుకున్న భూమి. తొంభై మూడులో మాఘం వెళ్ళకుండానే అతని బోరు ఎండిపోయింది. రెండో కోత చెట్టు మీదుండగానే ఆకు ముడుచుకోసాగింది. అందుకని తమిళనాడు నుంచి వచ్చిన హైడ్రో ఫ్రాక్చరింగ్ లారీని కిరాయికి మాట్లాడుకున్నాడు.

ఎండిన బోరులోకి గొట్టం దించి, లోపల రబ్బరుతో బిగించి, నీళ్ళను మహా ఒత్తిడితో కొడతారు. అడుగున రాయిలో ఉన్న నెర్రెలు విచ్చుకుంటాయి. పక్కనెక్కడో ఉన్న నీరు ఇటు మళ్ళుతుంది.

పక్కన ఉన్నది గూడెం చేతిపంపు. కంచెకు అవతలే. గూడేనికి తాగే నీళ్ళు ఇంకెక్కడా లేవు.

"ఎవరయ్యా నువ్వు?" తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకుంటూ వచ్చాడు బసవపున్నయ్య.

"జిల్లా నీళ్ళ ఆఫీసులో జియాలజిస్టుని. తాగునీటి పంపుకు ఇంత దగ్గర్లో రాయి పగలగొట్టడానికి వీల్లేదు. గవర్నమెంటు ఆర్డరు."

"పొలం నాది. బోరు నాది. మధ్యలో గవర్నమెంటుకేం పని?"

"పొలం మీదే. కింద రాయి మీ ఒక్కరిదీ కాదు. అందులో నీళ్ళు అసలే కాదు."

"ఏ చట్టంలో రాసుంది?"

"సెక్షన్ పదకొండు."

"ఏదీ, కాగితం చూపించు."

"నోటీసు ఆఫీసు నుంచి వస్తుంది." తుల్సీరాం ఆపరేటర్ వైపు తిరిగాడు. "ఈ మిషన్ మళ్ళీ తిరిగిందంటే లారీతో సహా జప్తు. నీ మీద కేసు."

ఆపరేటర్‌కు తెలుగు అరకొర. జప్తు అన్న మాట మాత్రం ఏ భాషలో విన్నా అర్థమయ్యేంత తిరిగిన మనిషి. బసవపున్నయ్య ముఖం వైపు కూడా చూడకుండా గొట్టాలు పైకి తీయించడం మొదలుపెట్టాడు.

బసవపున్నయ్య తుల్సీరాం చొక్కా పట్టుకున్నాడు. పై గుండీ తెగి మట్టిలో పడింది.

"తండాలోంచి వచ్చి జీపెక్కేసరికి నువ్వే సర్కారువైపోయావా? నా చెట్టు చచ్చిపోతోందిరా. కళ్ళు కనపడట్లేదా?"

"కనపడుతున్నాయి."

"కనపడీ ఆపుతున్నావా?"

తుల్సీరాం ఆ చేతిని విడిపించుకోలేదు. చివరికి బసవపున్నయ్యే విసురుగా వదిలేశాడు.

మిరప సాళ్ళలో కోతకు వచ్చిన గూడెం ఆడవాళ్ళు కొంగుల్లో కాయలతో నిలబడి చూస్తున్నారు. పంపు బతికినందుకు వాళ్ళ ముఖాల్లో సంతోషమేమీ లేదు. అందరికంటే పెద్దదైన ముత్తక్క ముందుకు వచ్చింది.

"తోట ఎండితే మాకు కూలెవరిస్తరు సారు? నువ్విస్తవా?"

"పంపు ఎండితే ఏం తాగుతరు అక్కా?"

"వాగు లేదా? ఇసకల చెలిమె తోడుకుంటం. నిన్ను రమ్మని ఎవలు పిలిచిండ్రు?"

"ఎవరూ పిలవలే."

"మరి పో."

ఆమె పక్కకు తిరిగి ఉమ్మింది. వెనక ఎవరో విసిరిన మట్టిగడ్డ జీపు తలుపుకు తగిలి పగిలింది. తుల్సీరాం అటు చూడలేదు. లారీ వైపే చూస్తున్నాడు. ఎండ నెత్తి మీదికి వచ్చినా నీడకు వెళ్ళలేదు. ఆఖరి గొట్టం బయటికి వచ్చేదాకా బోరు పక్కనే నిలబడ్డాడు.

"రేపే ఖమ్మం పోతాను," అన్నాడు బసవపున్నయ్య. "నీ పైవాళ్ళ ముందే తేలుస్తాను. ఈ జిల్లాలో నువ్వెట్లా ఉంటావో చూస్తాను."

"పొండి," అన్నాడు తుల్సీరాం.

లారీ బండ్లబాట మీదుగా తారురోడ్డు ఎక్కింది. అది మలుపు తిరిగి, దుమ్ము అణిగాక గానీ అతను జీపు ఎక్కలేదు.

డ్రైవర్ బొజ్జయ్య జీపును అడవి దారి పట్టించాడు. చెట్ల నీడ రోడ్డు మీదికి వచ్చినా అతని ముఖం చిటపటలాడుతూనే ఉంది. ఏన్కూరు దిక్కు తండాలో ఉంటారు అతని అత్తగారి వాళ్ళు. పోయిన ఎండాకాలం అక్కడా ఇలాంటి లారీయే వచ్చింది. తండా వాళ్ళు పరుగున ఆఫీసుకు వస్తే, తుల్సీరామే వాళ్ళను వట్టి చేతులతో తిప్పి పంపాడు. నెల తిరక్కుండా పంపు ఎండింది. వాగు నీళ్ళు తాగి వాంతులు, విరేచనాలు. దవాఖానాకు మోసుకుపోయిన పిల్లల్లో బొజ్జయ్య బామ్మర్ది కూతురు తిరిగి రాలేదు.

బొజ్జయ్య జీపును రోడ్డు పక్కకు తీసి ఆపాడు. స్టీరింగు మీద చేతులు అలాగే ఉంచి, తల తిప్పకుండా అడిగాడు.

"ఒక్క మాట అడుగుత సార్. గీ సెక్షను గప్పుడెందుకు చెప్పలే? గా పిల్ల బతికుండేది గద. మావోళ్ళంటే గంత లోకువా?"

తుల్సీరాం తెగిన గుండీ చోట చొక్కాను వేళ్ళతో కూడదీసి పట్టుకున్నాడు.

"గప్పుడు ఉన్న మాటే చెప్పిన బొజ్జయ్యా, గట్ల ఆపే చట్టం సర్కారు దగ్గర లేనే లేదని. గిప్పటికీ లేదు."